చదువరి ఖాతాకు షట్‌డౌన్ రాలేదు: పన్నెండు సిస్టంల మరమ్మతు డైరీ

స్థలం: హన్మకొండ, నక్కలగుట్ట వైపు, పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ల రీడింగ్ రూం.
సిస్టంలు: 12. అన్నీ సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లు, 4 జీబీ ర్యామ్. పదకొండు చదువుకునేవాళ్లకు, ఒకటి కౌంటర్ మీద.
సాఫ్ట్‌వేర్: డెబియన్ 12 (లైనక్స్‌లో ఒక రకం), ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18 డెస్క్‌టాప్, లాగిన్ తెరకు లైట్‌డీఎం.
ఖాతాలు: ఇన్‌స్టాల్ చేసినప్పుడు పుట్టిన అడ్మిన్ (అడ్మిన్ హక్కులిచ్చే సుడో గ్రూపులో ఉంది), తర్వాత చేసిన ఉమ్మడి ఖాతా చదువరి (సుడోలో లేదు, ఉండకూడదు కూడా).

ఫిర్యాదు ఒక్క ముక్కలో: "సార్, బంద్ అయితలేదు." అడ్మిన్‌గా లాగిన్ అయితే షట్‌డౌన్, రీస్టార్ట్ రెండూ వస్తున్నాయి. చదువరిగా అయితే కొన్ని సిస్టంలలో బటన్ మసకగా ఉంది, కొన్నింట్లో అసలు లేదు, కొన్నింట్లో నొక్కితే అడ్మిన్ పాస్‌వర్డు అడుగుతోంది. రాత్రి 9కి గది మూసేటప్పుడు వైరు గుంజుతున్నారు, లేదంటే పవర్ బటన్‌ను నాలుగైదు సెకన్లు అదిమి పట్టుకుంటున్నారు. డిస్కుకు రెండూ ఒకటే దెబ్బ.

రాత పద్ధతి గురించి ఒక మాట: కమాండ్లు, ఫైళ్ల పేర్లు అన్నీ పలికే తీరున తెలుగులో ఇచ్చాం. కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్దక్షరం అవసరమైన చోట విడిగా చెప్పాం. అక్కడ తప్పితే పని జరగదు, చాలాసార్లు లోపం కూడా చూపించదు.

దశ 1: పని చేయని చిట్కాలు

ఈ సమస్యకు చేతికి అందే పాత సలహాలు మూడు. మూడూ చేసి చూశాం.

1. చదువరిని ప్లగ్‌డెవ్, పవర్‌డెవ్ గ్రూపుల్లో చేర్చడం. పవర్‌డెవ్ గ్రూపు లేకపోతే సృష్టించి మరీ చేర్చాం. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయినా మార్పు లేదు. ఈ గ్రూపులు హాల్ అనే పాత వ్యవస్థ నడిచిన రోజుల నాటివి. ఇప్పుడు సిస్టం ఆపే పని సిస్టండీ-లాగిన్‌డీ చేతిలో ఉంది. అది ఈ గ్రూపుల వైపు చూడనే చూడదు.

2. సుడోయర్స్ ఫైలులో చదువరికి పాస్‌వర్డు లేకుండా పవర్‌ఆఫ్ కమాండుకు అనుమతి ఇవ్వడం. టెర్మినల్‌లో సుడో పవర్‌ఆఫ్ కొడితే ఆగింది. బటన్ మాత్రం అలాగే ఉంది. బటన్ సుడోను పిలవదు. ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ మీదుగా లాగిన్‌డీకి కబురు పంపుతుంది, లాగిన్‌డీ ఎవరికి ఏ అనుమతి ఉందో తేల్చే పోల్‌కిట్‌ను అడుగుతుంది. సుడో ఆ దారిలోనే లేదు. ఆ లైను తీసేశాం.

3. /ఈటీసీ/పోల్‌కిట్-1/లోకల్‌అథారిటీ/50-లోకల్.డి లో .పీకేఎల్‌ఏ ఫైలు పెట్టడం. ఏమీ జరగలేదు, లోపమూ చూపలేదు. డెబియన్ 11 దాకా ఉన్న పోల్‌కిట్ 0.105 ఆ ఫైళ్లను చదివేది. డెబియన్ 12లో ఉన్నది 122. అది జావాస్క్రిప్ట్‌లో రాసిన .రూల్స్ ఫైళ్లనే చదువుతుంది. పోల్‌కిట్‌డీ-పీకేఎల్‌ఏ ప్యాకేజీ విడిగా వేస్తే తప్ప పాత ఫైలు అక్కడ ఉన్నా లేనట్టే. పన్నెండింటిలోనూ తీసేశాం. వదిలేస్తే రేపు ఎవరో దాన్ని చూసి అనుమతి ఉందనుకుంటారు.

చేయకుండా ఆగిన సలహా ఇంకొకటి ఉంది: /ఎస్‌బిన్/షట్‌డౌన్‌కు సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా ఫైలు ఓనర్ హక్కులతో నడిచేలా చేసేది) పెట్టమని. డెబియన్ 12లో ఆ షట్‌డౌన్ వట్టి లింకు, అసలు ఫైలు సర్వీసులన్నిటినీ నడిపే, ఆపే సిస్టమ్‌సీటీఎల్. సీహెచ్‌మోడ్ లింకును దాటి అసలు ఫైలు మీద పడుతుంది. అంటే ఒక్క బటన్ కోసం ప్రతి సర్వీసు తాళంచెవినీ అందరి చేతిలో పెట్టినట్టు. ఎక్కడైనా ఇప్పటికే చేసి ఉంటే ముందు దాన్ని తిప్పేయండి.

ఇక అందరికీ తోచే దారి చదువరిని సుడోలో చేర్చడం. ఒక సిస్టంలో పరీక్షగా చేర్చి చూస్తే బటన్ వచ్చింది. ఎందుకు వచ్చిందో దశ 3లో తేలింది. ఆ జవాబు కోసం తప్ప ఈ పరీక్షకు వేరే ఉపయోగం లేదు, వెంటనే తీసేశాం.

లెక్క: 12లో 0.

దశ 2: కొలత, దానిలో జరిగిన తప్పు

లాగిన్‌డీని నేరుగా అడిగే కమాండు ఇది:

బస్‌సీటీఎల్ కాల్ ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.లాగిన్1 /ఆర్గ్/ఫ్రీడెస్క్‌టాప్/లాగిన్1 ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.లాగిన్1.మేనేజర్ క్యాన్‌పవర్‌ఆఫ్

మేనేజర్‌లో మొదటి అక్షరం పెద్దది. క్యాన్‌పవర్‌ఆఫ్‌లో సీ, పీ, ఓ మూడూ పెద్దవి. జవాబు నాలుగింటిలో ఒకటి వస్తుంది: "యస్" అంటే అడగకుండా ఆపుకోవచ్చు, "ఛాలెంజ్" అంటే పాస్‌వర్డు అడుగుతుంది, "నో" అంటే కుదరదు, "ఎన్‌ఏ" అంటే ఆ పని ఈ యంత్రానికే చేతకాదు.

కౌంటర్ దగ్గర కూర్చుని, చదువరి పేరుతో ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద దూరం నుంచి లాగిన్) చేసి పన్నెండింటినీ వరుసగా అడిగాం. పన్నెండూ ఛాలెంజ్ అన్నాయి. తెర మీద బటన్లు తలా ఒక తీరుగా ఉంటే లోపల జవాబు మాత్రం ఒకటే రావడం చూసి, కొలతే తప్పని అనుమానం వచ్చింది.

నిజంగానే తప్పు. పోల్‌కిట్ ఖాతాను చూసి ఊరుకోదు, ప్రశ్న ఏ సెషన్ నుంచి వచ్చిందో చూస్తుంది. ప్రతి పనికీ మూడు గీతలుంటాయి: ఎదురుగా కూర్చుని వాడుతున్న సెషన్‌కు ఒకటి (అలౌ_యాక్టివ్), యంత్రం దగ్గరే ఉన్నా ప్రస్తుతం తెర మీద లేని సెషన్‌కు ఒకటి (అలౌ_ఇన్‌యాక్టివ్), మిగతా అందరికీ ఒకటి (అలౌ_ఎనీ). మామూలు పవర్-ఆఫ్‌కు మొదటిది యస్, మిగతా రెండూ అడ్మిన్ పాస్‌వర్డు. ఎస్‌ఎస్‌హెచ్ సెషన్‌కు సీటు (యంత్రానికి తగిలించిన తెర, కీబోర్డు) ఉండదు కాబట్టి మూడో గీత కిందికి వస్తుంది. ఛాలెంజ్ తప్ప ఇంకోటి రాదు. అడ్మిన్ టెర్మినల్ నుంచి సుడో -యూ చదువరి అని అడిగినా ఇదే మోసం. ప్రక్రియ ఉండేది అడ్మిన్ సెషన్‌లోనే.

అందుకే రెండోసారి పద్ధతి మార్చాం. ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్లన్నీ మూసి, ఒక్కో సిస్టం ముందు కూర్చుని, చదువరి డెస్క్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి నాలుగు ప్రశ్నలు:

1. పైన ఇచ్చిన క్యాన్‌పవర్‌ఆఫ్.
2. లాగిన్‌సీటీఎల్ లిస్ట్-సెషన్స్: మనం కాకుండా ఇంకెవరు ఉన్నారు.
3. లాగిన్‌సీటీఎల్ షో-సెషన్, తర్వాత మన సెషన్ నంబరు. సీట్, యాక్టివ్, రిమోట్ అనే మూడు లైన్లు చాలు. సరిగా ఉంటే సీట్0, యస్, నో అని ఉండాలి.
4. ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్‌నే అడగడం: బస్‌సీటీఎల్ --యూజర్ కాల్ ఆర్గ్.ఎక్స్‌ఎఫ్‌సీఈ.సెషన్‌మేనేజర్ /ఆర్గ్/ఎక్స్‌ఎఫ్‌సీఈ/సెషన్‌మేనేజర్ ఆర్గ్.ఎక్స్‌ఎఫ్‌సీఈ.సెషన్.మేనేజర్ క్యాన్‌షట్‌డౌన్. జవాబు ట్రూ లేదా ఫాల్స్. ఇక్కడ సెషన్, మేనేజర్, క్యాన్, షట్‌డౌన్ ఎక్కడ వచ్చినా మొదటి అక్షరం పెద్దది (షట్‌డౌన్‌లో డీ చిన్నదే).

నాలుగో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఈ పని మొత్తంలో ఎక్కువ పనికొచ్చింది అదే.

ఫలితాలు:
- 7 సిస్టంలు: లాగిన్‌డీ యస్ అంటుంది, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఫాల్స్ అంటుంది. బటన్ మసక.
- 2 సిస్టంలు: రెండూ సరే అంటాయి. అయినా ప్యానెల్ మెనూలో షట్‌డౌన్ లేదు.
- 2 సిస్టంలు: లాగిన్‌డీ ఛాలెంజ్. బటన్ పనిచేస్తుంది గానీ పాస్‌వర్డు అడుగుతుంది.
- కౌంటర్ సిస్టం (దీన్ని మాత్రం రోజూ వాడే ల్యాప్‌టాప్ నుంచే తెరిచి అడిగాం): ఛాలెంజ్. సీట్ లైను ఖాళీ.

ఒక ఫిర్యాదు వెనుక నాలుగు జబ్బులు. దశ 1లో ఒకే మందు పన్నెండింటికీ పోయడం అందుకే పారలేదు.

లెక్క: 12లో 0, కానీ ఎక్కడ వెతకాలో తెలిసింది.

దశ 3: ఏడు మసక బటన్లు, ఒక కియోస్క్ ఫైలు

లాగిన్‌డీ సరేనంటే, పోల్‌కిట్ సరేనన్నట్టే. అయినా డెస్క్‌టాప్ వద్దంటోందంటే అడ్డు ఎక్స్‌ఎఫ్‌సీఈ లోపలే ఉండాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈకి కియోస్క్ అనే ఏర్పాటు ఉంది. పబ్లిక్ సిస్టంలలో ఎవరు ఏం చేయొచ్చో అందులో రాస్తారు. ఫైలు ఇక్కడ: /ఈటీసీ/ఎక్స్‌డీజీ/ఎక్స్‌ఎఫ్‌సీఈ4/కియోస్క్/కియోస్క్‌ఆర్‌సీ.

ఏడింటిలోనూ ఆ ఫైలు ఉంది, మిగతా ఐదింటిలో లేదు. ఏడూ ఒకే డిస్కు నుంచి కాపీ చేసినవి. ఆ డిస్కు ఇంతకుముందు పరీక్ష ప్రాక్టీసు కోసం సిద్ధం చేసిందట. పరీక్ష మధ్యలో ఎవరూ సిస్టం ఆపకుండా పెట్టిన కట్టడి అలాగే మిగిలిపోయింది. లోపల ఉన్నది ఇంతే:

[ఎక్స్‌ఎఫ్‌సీఈ4-సెషన్]
షట్‌డౌన్=%సుడో
సేవ్‌సెషన్=నన్

షట్‌డౌన్‌లో మొదటి ఎస్, సేవ్‌సెషన్‌లో సేవ్, సెషన్ రెండింటి మొదటి అక్షరాలు పెద్దవి, నన్ మొత్తం పెద్దక్షరాలు. శాతం గుర్తు అంటే గ్రూపు. సుడో గ్రూపువాళ్లకే షట్‌డౌన్. చదువరిని సుడోలో చేర్చగానే బటన్ వెలగడానికి కారణం ఇదే. లైనక్స్‌కు అడ్మిన్ హక్కు కావాల్సి వచ్చిందనుకుంటే పొరపాటు. ఈ ఫైలుకు ఆ గ్రూపు పేరు కావాల్సి వచ్చింది, అంతే.

మొదటి ప్రయత్నం: ఫైలునే తీసేశాం. బటన్ వచ్చింది. మర్నాడు పొద్దున ఆ సిస్టం తెరిస్తే నిన్న ఎవరో వదిలిపోయిన పది కిటికీలు తెరుచుకున్నాయి. ఫైలుతో పాటు సేవ్‌సెషన్ కట్టడి కూడా పోయింది మరి. ఫైలు తిరిగి పెట్టి ఒక్క లైనే మార్చాం.

1. ఫైలును .పాత అనే తోకతో కాపీ చేసుకోవడం.
2. రెండో లైనును షట్‌డౌన్=%సుడో,చదువరి అని మార్చడం. పేరుకు ముందు శాతం గుర్తు లేకపోతే అది ఖాతా. కామా తర్వాత ఖాళీ వదలలేదు.
3. లాగౌట్, మళ్లీ లాగిన్. సెషన్ మొదలైనప్పుడు ఒక్కసారే ఈ ఫైలు చదువుతుంది. ప్యానెల్‌ను మాత్రమే రీస్టార్ట్ చేసి "ఇంకా రాలేదు" అనుకోవడం ఇక్కడ జరిగిన రెండో తప్పు.
4. నాలుగో ప్రశ్న మళ్లీ అడగడం. ట్రూ.

ఒక్కో సిస్టంకు ఆరేడు నిమిషాలు, అందులో సగం పాత డిస్కు మీద లాగిన్ అవడానికే.

లెక్క: 12లో 7.

దశ 4: రెండు ప్యానెల్‌లు

ఇది చిన్న పని. ప్యానెల్ కుడి చివర పేరు కనిపించే మెనూ ఉంటుంది, దాన్ని యాక్షన్ బటన్స్ అంటారు. అందులో ఏవి చూపాలో ఖాతా ఖాతాకు వేరు. ఈ రెండు సిస్టంలలో /ఈటీసీ/స్కెల్ లో ఎవరో తమ ప్యానెల్ అమరికను పెట్టారు. స్కెల్‌లో ఉన్నదల్లా కొత్త ఖాతా పుట్టగానే దాని ఇంట్లోకి కాపీ అవుతుంది. అడ్మిన్ ఖాతా అంతకుముందే పుట్టింది కాబట్టి దానికి అంటలేదు. అప్లికేషన్ మెనూ అడుగున ఉన్న లాగౌట్ నొక్కితే షట్‌డౌన్ నిక్షేపంగా ఉంది, కానీ అక్కడి దాకా ఎవరూ పోలేదు.

చూడడానికి: ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్-క్వెరీ -సీ ఎక్స్‌ఎఫ్‌సీఈ4-ప్యానెల్ -ఎల్ -వీ. అందులో యాక్షన్స్ అని ఉన్న ప్లగిన్ నంబరు వెతకాలి, ఇక్కడ 14. దాని ఐటమ్స్ జాబితాలో షట్‌డౌన్ ముందు కూడిక గుర్తు ఉంటే కనిపిస్తుంది, తీసివేత గుర్తు ఉంటే దాగుతుంది. రెండింటిలోనూ తీసివేతే.

తప్పులు రెండు. ఒకటి, ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్-క్వెరీని సుడోతో కొట్టడం: అది రూట్ ఖాతా ప్యానెల్‌ను మార్చింది, చదువరిది కాదు. రెండు, చదువరి లాగిన్ అయి ఉండగానే .కాన్ఫిగ్ లోపలి ఎక్స్‌ఎంఎల్ ఫైలును దిద్దడం: ఎక్స్‌ఎఫ్‌సీఈ అమరికలను చూసుకునే ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్‌డీ పాత విలువలను మెమరీలో పెట్టుకుని, తర్వాత మన దిద్దుబాటు మీద తిరగరాసింది.

చివరికి చేసింది: చదువరి డెస్క్‌టాప్‌లోనే ఆ మెనూ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, షట్‌డౌన్, రీస్టార్ట్‌లకు టిక్కు. స్కెల్ లోపలి ఫైలు తీసేశాం. రెండు సిస్టంలకు ఇంతకంటే తెలివి అక్కర్లేదు.

లెక్క: 12లో 9.

దశ 5: కనిపించని మరో మనిషి

రెండు సిస్టంలలో లాగిన్‌సీటీఎల్ లిస్ట్-సెషన్స్ అడ్మిన్ పేరు చూపిస్తోంది. ముందు ఎవరూ కూర్చుని లేరు, ఎస్‌ఎస్‌హెచ్ కూడా మూసే ఉంది. షో-సెషన్‌లో స్టేట్ లైను క్లోజింగ్ అని ఉంది.

ఎప్పుడో అడ్మిన్ ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చి, టీమక్స్‌లో (లాగౌట్ అయినా టెర్మినల్ పనిని నడుస్తూ ఉంచే ప్రోగ్రాం) పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్‌లు సింక్ చేసే స్క్రిప్టు నడిపి వెళ్లాడు. టీమక్స్ బతికున్నంత కాలం ఆ సెషన్ పూర్తిగా పోదు. డెబియన్ లాగౌట్ అయినవాడి ప్రక్రియలను చంపదు, అదే దాని మామూలు అమరిక. వేరే ఖాతా సెషన్ ఒక్కటున్నా లాగిన్‌డీ మామూలు పవర్-ఆఫ్ అనుమతి బదులు పవర్-ఆఫ్-మల్టిపుల్-సెషన్స్ అనే వేరే అనుమతి అడుగుతుంది. ఇతరుల పని పోతుందేమోనన్న జాగ్రత్త అది. మీ సిస్టంలో ఆ అనుమతి ఎలా ఉందో ఇలా చూడొచ్చు: పీకేయాక్షన్ --వెర్బోస్ --యాక్షన్-ఐడీ ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.లాగిన్1.పవర్-ఆఫ్-మల్టిపుల్-సెషన్స్. ఆథ్_అడ్మిన్_కీప్ అని ఉంటే పాస్‌వర్డు అడుగుతుంది.

టీమక్స్‌ను తీసేసి, సింక్‌ను సిస్టండీ టైమర్‌గా మార్చాం. అది సిస్టం సర్వీసు కాబట్టి ఎవరి సెషన్ కిందికీ రాదు. ఇద్దరు అడ్మిన్‌లు మాయం, జవాబు యస్.

అయినా రెండు రోజులకే ఫిర్యాదు తిరిగొచ్చింది, ఈసారి పదకొండింటిలో ఏదైనా. రాత్రి ఎనిమిదిన్నరకు అడ్మిన్ ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చి అప్‌డేట్లు చూస్తాడు. తొమ్మిదికి ఎవరైనా ఆపబోతే పాస్‌వర్డు. సాకెట్ మాత్రం దగ్గర్లోనే ఉంది.

ఇక్కడ మాత్రమే పోల్‌కిట్ నియమం అవసరమైంది. ఫైలు: /ఈటీసీ/పోల్‌కిట్-1/రూల్స్.డి/10-చదువరి.రూల్స్

పోల్‌కిట్.యాడ్‌రూల్(ఫంక్షన్(యాక్షన్, సబ్జెక్ట్) {
ఇఫ్ ((యాక్షన్.ఐడీ == "ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.లాగిన్1.పవర్-ఆఫ్-మల్టిపుల్-సెషన్స్" ||
యాక్షన్.ఐడీ == "ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.లాగిన్1.రీబూట్-మల్టిపుల్-సెషన్స్") &&
సబ్జెక్ట్.యూజర్ == "చదువరి" &&
సబ్జెక్ట్.లోకల్ && సబ్జెక్ట్.యాక్టివ్) {
రిటర్న్ పోల్‌కిట్.రిజల్ట్.యస్;
}
});

లోకల్, యాక్టివ్ అనే రెండు ముక్కలు వదలొద్దు. వదిలితే చదువరి పాస్‌వర్డు తెలిసిన ఎవరైనా పక్క సిస్టం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చి ఆపేయొచ్చు. ఆ పాస్‌వర్డు గోడ మీదే రాసి ఉంది.

ఈ ఎనిమిది లైన్లకు మూడు గంటలు పట్టింది. ఎందుకంటే:

1. యాడ్‌రూల్‌లో ఆర్ పెద్దక్షరం, రిజల్ట్‌లో ఆర్ పెద్దక్షరం, యస్ మొత్తం పెద్దక్షరాలు. మొదటి కాపీలో యాడ్‌రూల్ అంతా చిన్నక్షరాల్లో పడింది. నియమం ఎక్కలేదు.
2. ఫైలు పేరు .రూల్స్‌తోనే ముగియాలి. ఎడిటర్ చివర .టీఎక్స్‌టీ తగిలించింది.
3. ఫైలును అడ్మిన్ హోమ్ నుంచి మూవ్ చేయడంతో 600 హక్కులు (ఓనర్ తప్ప ఎవరూ చదవలేరు) అలాగే వచ్చాయి. నియమాలను చదివేది పోల్‌కిట్‌డీ అనే వేరే ఖాతా. దానికి చదివే హక్కు లేదు. ఓనర్ రూట్, హక్కులు 644 చేస్తే చదివింది.

మూడింటికీ ఒకటే కొలబద్ద: జర్నల్‌సీటీఎల్ -యూ పోల్‌కిట్. ఫైలు మారిన ప్రతిసారీ పోల్‌కిట్ తనంతట తానే మళ్లీ చదివి, ఎన్ని నియమాలు ఎక్కాయో అంకెతో సహా ఒక లైను రాస్తుంది. మన ఫైలు పెట్టాక ఆ అంకె ఒకటి పెరగాలి. పెరగకపోతే చాలాసార్లు దాని పై లైన్లోనే కారణం ఉంటుంది. రీబూట్ అక్కర్లేదు.

ముందున్న 10 అంకెకూ పని ఉంది. ఫైళ్లను పేర్ల వరుసలో చదువుతుంది, ముందు జవాబిచ్చిన నియమమే చెల్లుతుంది.

పరీక్షించేటప్పుడు ఇంకో బోల్తా: అడ్మిన్ ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉండగా చదువరి టెర్మినల్‌లో సిస్టమ్‌సీటీఎల్ పవర్‌ఆఫ్ కొడితే, నియమం ఉన్నా ఒప్పుకోలేదు. అడ్మిన్ ఫలానా చోట లాగిన్ అయి ఉన్నాడు, కాదనుకుంటే -ఐ తగిలించి మళ్లీ కొట్టు అంది. ఆ తనిఖీ పోల్‌కిట్‌ది కాదు, సిస్టమ్‌సీటీఎల్ తనకు తానుగా చేసేది. బటన్‌కు ఆ తనిఖీ లేదు. కాబట్టి బటన్‌ను బటన్‌తోనే పరీక్షించాలి. ఎవరు అడ్డున్నారో పేరుతో సహా చెబుతుంది గనక ఆ కమాండును మాత్రం జేబులో ఉంచుకోవచ్చు.

లెక్క: 12లో 11.

దశ 6: కౌంటర్ సిస్టం, కావాలనే వదిలేసింది

దీన్ని ఎక్స్‌ఆర్‌డీపీ ద్వారా ల్యాప్‌టాప్ నుంచి వాడుతున్నారు. దూరం నుంచి తెరిచిన డెస్క్‌టాప్‌కు సీటు ఉండదు, అందుకే ఛాలెంజ్. పై నియమంలో లోకల్ తీసేసి, మామూలు పవర్-ఆఫ్ అనుమతినీ చేర్చితే ఇక్కడా యస్ వస్తుంది. తీయలేదు. ప్రశ్నపత్రాల ఫోల్డరు ఈ సిస్టం నుంచే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (నెట్‌వర్క్ మీద ఫోల్డరు పంచుకునే పద్ధతి) మిగతావాటికి వెళ్తోంది. దూరం నుంచి ఎవరో పొరపాటున ఆపితే మళ్లీ లేపడానికి మనిషి గదికి రావాలి. ఎదురుగా కూర్చుని లాగిన్ అయితే మామూలుగానే ఆగుతుంది, అది చాలు.

లెక్క: 11 సరి, 1 ఇలాగే ఉండాలని నిర్ణయం.

దశ 7: లాక్ పడ్డాక

పని అయిపోయిందనుకున్నాక తేలింది. ఎవరైనా లేచిపోయి తెర లాక్ అయితే, లాక్ తెర మీది పవర్ మెనూలో షట్‌డౌన్ రావడం లేదు. పదకొండింటిలోనూ అంతే.

ఈ సిస్టంలలో లాక్ చేసేది లైట్-లాకర్. అది తాళం వేసే తీరు వేరు: చదువరి డెస్క్‌టాప్‌ను వెనక్కి నెట్టి, లైట్‌డీఎం లాగిన్ తెరను ముందుకు తెస్తుంది. ఆ తెర లైట్‌డీఎం అనే ఖాతా కింద నడుస్తుంది. దాని దృష్టిలో చదువరి వేరే మనిషి. మళ్లీ మల్టిపుల్-సెషన్స్. జవాబు సూటిగా యస్ కాకపోతే లైట్‌డీఎం ఆ వరుసను చూపించదు, పాస్‌వర్డు కూడా అడగదు.

లైట్‌డీఎం ఖాతాకూ నియమం రాయొచ్చు. అప్పుడు దారిన పోయేవాడెవడైనా లాక్ చేసి టీకి వెళ్లినవాళ్ల సిస్టం ఆపేయగలడు. అది వద్దనుకుని చదువరి ఖాతాలో లాక్‌నే తీసేశాం: సెట్టింగ్స్, సెషన్ అండ్ స్టార్టప్, అప్లికేషన్ ఆటోస్టార్ట్, స్క్రీన్ లాకర్ ముందు టిక్కు తీయడం. గోడ మీద పాస్‌వర్డు ఉన్న ఖాతాకు లాక్ అంటే తాళం వేసి చెవి తలుపుకే వేలాడదీసినట్టు. అడ్మిన్ ఖాతాలో లాక్ ఉంచాం.

దశ 8: ఆగుతోంది, కానీ ఎంతసేపటికి

బటన్ నొక్కినప్పటి నుంచి ఫ్యాన్ ఆగేదాకా స్టాప్‌వాచ్‌తో చూశాం. ఎక్కువ సిస్టంలు 15 నుంచి 20 సెకన్లు. కొన్నిసార్లు నిమిషంన్నర దాటింది, నల్ల తెర మీద ఎర్ర నక్షత్రాలు అటూ ఇటూ తిరుగుతూ. తొంభై సెకన్లు ఓపిక పట్టేవాళ్లు తక్కువ. వైరు గుంజితే మొదటికొస్తాం.

తొంభై అనేది సిస్టండీ ఏదైనా సర్వీసు ఆగడానికి ఇచ్చే మామూలు గడువు. తెర మీద పేరు చదివితే ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డరు. కౌంటర్ సిస్టంను ముందు ఆపిన రోజుల్లోనే ఇలా అవుతోంది: ఫోల్డరు ఇచ్చే యంత్రం లేదు, పుచ్చుకున్నవి దాన్ని విడిపించుకోలేక ఎదురు చూస్తున్నాయి.

1. ఏ డిస్కు, ఏ ఫోల్డరు ఎక్కడ తగలాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ ఫోల్డరు లైనుకు నోఆటో, ఎక్స్-సిస్టండీ.ఆటోమౌంట్, ఎక్స్-సిస్టండీ.ఐడిల్-టైమ్‌ఔట్=600 చేర్చాం. తెరిచినప్పుడే తగులుకుంటుంది, పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే విడిపోతుంది.
2. గది మూసే వరుస కాగితం మీద రాసి కౌంటర్ దగ్గర అంటించాం: ముందు పదకొండు, చివరికి కౌంటర్.

ఆ తర్వాత కొలిచిన ఆరు రాత్రుల్లో అన్నిటికంటే ఎక్కువ పట్టింది 24 సెకన్లు.

పదమూడో సిస్టం వస్తే

1. ఖాతాను యాడ్‌యూజర్‌తో చేయాలి. డెబియన్‌లో ఉత్త యూజర్‌యాడ్ -ఎం లేకుండా కొడితే హోమ్ ఫోల్డరు పుట్టదు, లాగిన్ తెర తిరిగి తిరిగి వస్తుంది.
2. కియోస్క్‌ఆర్‌సీ, స్కెల్ లోపల ఏముందో ఖాతా చేయడానికి ముందే చూడాలి.
3. 10-చదువరి.రూల్స్ కాపీ, ఓనర్ రూట్, హక్కులు 644, జర్నల్‌లో అంకె పెరిగిందా చూడాలి.
4. ఆటోస్టార్ట్‌లో లైట్-లాకర్ టిక్కు తీయాలి.
5. చదువరి డెస్క్‌టాప్ నుంచే దశ 2 ప్రశ్నలు నాలుగూ. తర్వాత అడ్మిన్ ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉండగా ఒకసారి బటన్ నొక్కి చూడాలి.
6. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైను చేర్చి, కౌంటర్ దగ్గరి కాగితం మీద పదకొండును పన్నెండుగా దిద్దాలి.